పొల్లు లేని కల

శుక్రవారం పొద్దున్న ఎనిమిదీ పదికి ఇన్‌స్పెక్టర్ పద్మిని చాతం జెట్టీ దగ్గరున్న జ్ఞానవతి గెస్ట్‌హౌస్ మెట్లెక్కింది. ఆమె కూర్చోవలసిన కుర్చీలో అప్పటికే గణేశ్వరరావు కూర్చున్నాడు. ఆమె ప్రశ్నించవలసిన మనిషిని ఎదురుగా పెట్టుకుని పూరీలు లాగిస్తున్నాడు. పద్మినికి ఒళ్ళు మండిపోయింది.

"రామ్మా పద్మినీ, రా. పూరీ తింటావా?" అన్నాడాయన, ఇల్లు తనదే అయినట్టు.

ఈ గణేశ్వరరావు విశాఖపట్నంలో రిటైరైన డీఎస్పీ, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. ప్రతి ఆదివారం టీవీలో కూర్చుని పాత కేసులు కథలుగా చెబుతాడు. ఇక్కడి ప్రోతరాపూర్‌లో ఉండే పద్మిని తల్లి గవరమ్మ ఆ ప్రోగ్రామ్ ఒక్కటీ వదలదు. నిన్న కూతురు మాయాబందర్‌లో ఇంకో కేసు పని మీద ఉంటే ఫోన్ చేసి, "ఆ బాబుగారు మనూరొచ్చారట కదే, ఒక్క ఫోటో తీయించవే," అని బతిమాలింది. పన్నెండేళ్ళుగా కూతురు యూనిఫాం వేసుకుని తిరుగుతుంటే ఒక్క ఫోటో అడిగిన పాపాన పోలేదు. పద్మినికి ఈర్ష్య పుట్టదూ మరి!

పైగా ఆమె ఊళ్ళో లేని ఒక్కరోజులోనే ఆయన కేసు తేల్చేశాడని స్టేషన్లో అందరూ చెప్పుకుంటున్నారు. కేసు చిన్నదేం కాదు. గోపినాథ్, లహరి అనే దంపతులు నాలుగు రోజులు సరదాగా తిరిగి వెళదామని సోమవారం విశాఖ నుంచి ఈ ద్వీపాల్లో దిగారు. లహరి ఆర్కిటెక్టు. పాతకాలపు చెక్క ఇళ్ళంటే పిచ్చి. చూసిన ప్రతి ఇంటినీ పుస్తకంలో గీసుకుంటుంది, తిన్న ప్రతి వంటనీ దాని పక్కనే గీస్తుంది. బుధవారం సాయంత్రం ఏడింటికి గోపినాథ్ పోలీస్ స్టేషన్‌కి వచ్చి భార్య కనబడటం లేదన్నాడు. లహరి అన్నగారి పురమాయింపు మీద గురువారం విమానంలో గణేశ్వరరావు దిగాడు. సాయంత్రానికల్లా దంపతుల్ని ఊరంతా తిప్పిన ఆటో డ్రైవర్ బాబ్జీ లాకప్‌లో ఉన్నాడు.

గోడకి ఆనించిన పలక మీద ఆవేళ్టి వంటలు సుద్దముక్కతో రాసి ఉన్నాయి. గణేశ్వరరావు పూరీ ముక్కతో దానివైపు చూపించాడు.

"మీ ద్వీపాల తెలుగు చూశావా? దాల అట, పాపడ అట. ఆ చివర చాయ! తాగేదా, నీడన కూర్చునేదా?"

వడ్డిస్తున్న జ్ఞానవతి తలెత్తలేదు. యాభై దాటిన మనిషి, మెడలో సన్నని శిలువ గొలుసు. పద్మినికి మాత్రం ముఖం వేడెక్కింది. తను కూడా హిందీ బడిలో చదివిన పిల్లే. తెలుగు గడగడా మాట్లాడుతుంది గాని చదవమంటే కూడబలుక్కోవాలి. ఆ సంగతి ఈ పెద్దమనిషికి తెలియకూడదు.

"పూరీ వద్దు సార్. కుర్చీ ఇవ్వండి," అంది.

ఆయన నవ్వుతూ లేచి పక్క కుర్చీలోకి మారాడు. పద్మిని గోపినాథ్ ఎదురుగా కూర్చుంది. ముప్పై ఐదేళ్ళ మనిషి, నలగని చొక్కా, నిద్రలేని కళ్ళు.

"బుధవారం మీ ఆవిడ ఎన్నింటికి బయటికెళ్ళింది?"

"చెప్పాను కదండీ. సాయంత్రం ఐదుకి."

"ఏమని చెప్పి వెళ్ళింది?"

"ఆరింటికి సూర్యాస్తమయం కదా, ఆ ఎర్రటి వెలుగులో చాతం రంపపు మిల్లు కప్పు గీసుకొస్తానంది. నాకు తలనొప్పిగా ఉండి పడుకున్నాను. ఎంతకీ రాకపోతే స్టేషన్‌కి వచ్చాను."

"ఆ రోజంతా ఇద్దరూ ఎక్కడున్నారు?"

"గదిలోనే. తనకి ఒళ్ళు వెచ్చగా ఉందంది. మధ్యాహ్నం భోజనం కూడా గదికే తెప్పించుకున్నాం. నేనే వంటింట్లోంచి పళ్ళేలు తెచ్చాను."

"ఏం తిన్నారు?"

"చేపల వేపుడు. చెరొకటి."

"మీ ఇద్దరిలో చేప తల తినేదెవరు?"

గణేశ్వరరావు పెద్దగా నవ్వాడు. "మనిషి పోయి అతనేడుస్తుంటే చేప తలలెందుకమ్మా?"

"తనే తింటుంది," అన్నాడు గోపినాథ్ అయోమయంగా. "పిప్పి చేసి వదుల్తుంది. నాకు చూస్తేనే వెగటు. మొన్న ఆ ఆటోవాడి ముందు కూడా అలాగే చప్పరిస్తూ తింది. వాడు నవ్వుతుంటే తనూ నవ్వింది. నా ఎదుట ఎప్పుడైనా అలా నవ్విందా? ఆరేళ్ళలో ఒక్కసారి నవ్విందా?"

చివరి మాటకి గొంతు మారిపోయింది. చేతిలో చెంచా వంగింది. పద్మిని ఆ చెంచా వంక చూసింది.

"కోప్పడకు బాబూ, ఆ కోపమంతా దీనిమీదే," అంటూ గణేశ్వరరావు ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా పెట్టిన చీటీని బల్లమీద వేశాడు. "లహరి బొమ్మల పుస్తకంలో దొరికింది. నేను చదువుతా, విను."

చదవమని ఎవరూ అడగలేదు. ఆయన గొంతు సవరించుకుని, అక్షరాలకి రుచి ఉన్నట్టు చప్పరిస్తూ చదివాడు.

"కల! చాతం రా. ఆరు గంటలకు. ఒకదానివే రా. ఆయనకు చెప్పకు." కవర్ మీద వేలితో తట్టాడు. "కల అంటే ముద్దుపేరు. నువ్వు నా కలవి అన్నమాట. సంధ్యవేళ, సముద్రపు ఒడ్డు, ఒంటరిగా రమ్మనడం. ఇంకేం కావాలి?"

"బాబ్జీకి తెలుగు రాయడం రాదు సార్. వాడు నాలాగే హిందీ బడి," అంది పద్మిని. ఆ 'నాలాగే' నోరు జారింది.

"రాదని నటిస్తున్నాడు. నేను చెప్పి రాయించాను, ఒక్క అక్షరం పెట్టలేదు. ఇలాంటి నటుల్ని నేను ఎంతమందిని చూళ్ళేదు! మరి నీకు చదవడం వచ్చా?"

"గది చూడాలి," అని లేచింది పద్మిని.

బుధవారం రాత్రి నుంచి ఆ గదికి పోలీసు సీలు ఉంది. చీటీ కోసం ఒకసారి తెరిచి మళ్ళీ మూశారు. గోపినాథ్‌ని వంటింటి పక్క గదిలోకి మార్చారు. పద్మిని సీలు తీసి లోపలికెళ్ళేసరికి నీచు వాసన గుప్పుమంది. గణేశ్వరరావు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

వాసన వస్తున్నది మంచం కింది నుంచి. పద్మిని వంగి రెండు పళ్ళేలు బయటికి లాగింది. చీమలు బారులు కట్టాయి. రెండింట్లోనూ అన్నం లేదు, కూర లేదు, చేపల వెన్నుముళ్ళున్నాయి. రెండింట్లోనూ చేప తలలు చెక్కుచెదరకుండా కళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి.

"సార్, బుధవారం మధ్యాహ్నం ఈ రెండు పళ్ళేల్లోనూ తిన్నది ఒక్కడే," అంది పద్మిని.

గణేశ్వరరావు రుమాలు కిందికి దించాడు. వంగి పళ్ళేలు చూశాడు. నిన్నటి నుంచి పద్మినికి తగిలిన మొదటి చల్లటి గాలి అది.

ఆమె కిటికీలోంచి చూసింది. పెరటి గట్టుమీద పీట, పీట మీద సగం కోసిన సురమై చేప, పక్కన పొడవాటి కత్తి. జ్ఞానవతి వడ్డన కోసం మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది. గట్టు దాటితే వీధి, వీధి దాటితే ఫెర్రీలు కదిలే చాతం జెట్టీ.

తర్వాత లహరి బొమ్మల పుస్తకం తెరిచింది. మనిషి చేతిలో మంచి పనితనం ఉంది. సోమవారం గీసిన మిల్లు కప్పు, దాని కింద సమయం వేసి ఉంది: 5.10. ఆకాశాన్ని పెన్సిలుతో నల్లగా రుద్దేసింది. ఆ తర్వాతి పేజీలో పుల్లట్టు, కొబ్బరి పచ్చడి. ఆ పక్కన ఒక చర్చి తలుపు. చివరి పేజీలో ఈ గెస్ట్‌హౌసే, నిలువునా కోసి చూపించినట్టు గీసింది. గదులు, గదుల మధ్య చెక్క గోడలు, ఆ గోడలపైన చిన్న చిన్న బాణం గుర్తులు. బొమ్మ కింద సన్నటి గొలుసుకట్టు తెలుగులో మూడు నాలుగు వరుసలు.

పద్మిని మొదటి అక్షరం దగ్గరే ఆగింది. వెనకాల గణేశ్వరరావు నిలబడి ఉన్నాడు. కూడబలుక్కుంటూ చదివితే రేపు టీవీలో అదొక జోకవుతుంది. ఇల్లు కట్టిన వైనం ఏదో రాసుకుంది లే అనుకుని పుస్తకం మూసేసి చంకలో పెట్టుకుంది.

హాల్లోకి వచ్చి గోపినాథ్ ముందు నిలబడింది.

"గోపినాథ్ గారూ, డిసెంబర్లో ఇక్కడ ఐదుంబావుకల్లా చీకటి పడిపోతుంది. ఆరింటికి మిల్లు కప్పు కాదు కదా, మన చెయ్యి మనకి కనబడదు. ఆ సంగతి మీ ఆవిడకి సోమవారమే తెలుసు. అబద్ధం అల్లేటప్పుడు మీకే గుర్తురాలేదు. ఆవిడ సాయంత్రం వెళ్ళలేదు. మధ్యాహ్నం ఆవిడ చేప కూడా మీరే తిన్నారు. ఎప్పుడెళ్ళింది?"

గోపినాథ్ గోడవైపు చూశాడు.

"తెల్లారి లేచేసరికి పక్కలో లేదు."

"మరి రోజంతా ఎందుకు దాచారు?"

"పెళ్ళాం పక్కలోంచి లేచిపోయిందని ఊరంతా చాటమంటారా? వెతికాను. మధ్యాహ్నం ఆ చీటీ దొరికింది. ఆరింటికి జెట్టీకెళ్ళి చీకట్లో కూర్చున్నాను. ఇద్దరూ కలిసి వస్తారని. రాలేదు. మీరైనా పట్టుకుంటారని స్టేషన్‌కి వచ్చాను." తలెత్తాడు. "వాడెవడో నాకు కావాలి మేడమ్. అది ఎక్కడుందో నాకు కావాలి. అంతే."

భార్య బతికుందా అని అతను ఒక్కసారి కూడా అడగలేదు. పద్మినికి ఆ సంగతి అప్పుడే తట్టింది.

"నాకు తలనొప్పిగా ఉంది," అని గోపినాథ్ లేచి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"సరే, టైం మారింది. సాయంత్రం కాదు, పొద్దున్న," అన్నాడు గణేశ్వరరావు, తగ్గినట్టు కనబడకుండా తగ్గుతూ. "అయితే ఏం? ప్రియుడు ప్రియుడే, కల కలే. నాలుగు ముక్కల చీటీ. నేను అర్థం చెబితే గాని నీకు తెలీలేదు. ఏదీ, నువ్వొకసారి చదువు చూద్దాం."

పద్మినికి రోషం నషాళానికంటింది. కవర్ లాక్కుంది. చిన్నప్పుడు అప్పలకొండ మేష్టారు బెత్తం పట్టుకుని నిలబడితే ఎలా చదివేదో అలాగే, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం.

"క... ల్... కల్. చా... తం. చాతం రా."

గణేశ్వరరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "కల్ ఏమిటమ్మా కల్! పొల్లు ఎక్కడుందక్కడ? పొల్లు పెడితేనే 'ల్'. లేకపోతే 'ల'. అది కల. ఒకటో తరగతి పిల్లలకి తెలుస్తుంది!"

అవును, పొల్లు లేదు. హిందీలో అయితే అక్కర్లేదు. రెండక్షరాలు రాసి వదిలేస్తే కల్ అనే చదువుతారు. చిన్నప్పటి నుంచి అలా చదివిన నోరు అలాగే చదివింది. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి ఆ సిగ్గంతా ఒక్కసారి దిగిపోయింది.

కల్. రేపు.

రేపు చాతం రా. ఆరు గంటలకు. రాసింది మంగళవారం. రేపంటే బుధవారం. ఈ ద్వీపాల్లో ఆరంటే మొదటి ఫెర్రీ వేళ. ఇందులో ముద్దూ లేదు, మురిపెమూ లేదు. హిందీ బడిలో చదువుకుని, తెలుగు అక్షరాలు తర్వాతెప్పుడో నేర్చుకున్న మనిషి రాసిన చీటీ ఇది.

పద్మిని మెల్లగా తల తిప్పి గోడకున్న పలకని చూసింది.

దాల. పాపడ. చాయ.

"సార్, మీరు పొద్దున్న నవ్వారే, ఆ పలకని ఇంకొకసారి చదవండి," అంది. "పొల్లు ఎక్కడైనా ఉందేమో చూడండి."

గణేశ్వరరావు చదివాడు. చీటీ చూశాడు. మళ్ళీ పలక చూశాడు. టీవీ ముఖం పాలిపోయింది. పద్మినికి ఆ ముఖం చూస్తుంటే కడుపు నిండిపోయింది. పూరీలు అక్కర్లేకపోయాయి.

ఇద్దరూ వంటింట్లోకి నడిచారు. జ్ఞానవతి పొయ్యిమీద పప్పు కలుపుతోంది.

"ఆంటీ, తెలుగు రాయడం ఎక్కడ నేర్చుకున్నారు?"

"చర్చిలోనమ్మా. పాటల పుస్తకం చూసి. స్కూల్లో హిందీయే కదా..." చీటీ కనబడగానే గరిటె ఆగిపోయింది.

"లహరి ఉందా, పోయిందా? అదొక్కటీ చెప్పండి."

జ్ఞానవతి పక్కగది గోడవైపు ఒకసారి చూసింది. దగ్గరికొచ్చి పద్మిని చెవిలో చెప్పినంత మెల్లగా చెప్పింది.

"బతికే ఉంది బేటీ. ప్రభువు దయ. సోమవారం రాత్రి ఆ అమ్మాయి ఏడుపు విన్నాను. కొట్టడం కాదు, గొంతు మీద చెయ్యేసి, ఎవడ్ని చూసి నవ్వావు చెప్పు, చెప్పు అని. మంగళవారం సాయంత్రం పడవ నడిపే మన సింహాచలం వచ్చి చెప్పాడు, ఆంటీ, ఆ సాబ్ కల్ సుబహ్, పొద్దున్న పదింటికి చిన్న పడవ మాట్లాడాడు, గైడ్ వద్దన్నాడు, ఇద్దరికీ ఒక్క లైఫ్ జాకెట్ చాలన్నాడు అని. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒక్క నిమిషం ఆ అమ్మాయిని వదలడే, ఎలా చెప్పను? చీటీ రాసి చపాతీల కింద పెట్టాను. పొద్దున్న నేనే ఫెర్రీ ఎక్కించాను."

"పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"మియా బీవీ తగువంటారు, మొగుడూ పెళ్ళాం సర్దుకోమంటారు. అన్నగారు వచ్చాక చెబుదామనుకున్నాను. ఆయన రాలేదు, ఈ సాబ్‌ని పంపారు. ఈ సాబ్ వచ్చింది మొదలు వాడి పక్కనే కూర్చుని తింటున్నారు."

గణేశ్వరరావు నేల చూపులు చూశాడు.

"ఎక్కడుంది ఇప్పుడు?"

జ్ఞానవతి ఇంకా గొంతు తగ్గించింది. "బ్యాంబూఫ్లాట్‌లో అవతలి ఒడ్డున, మా చెల్లెలు క్యారొలిన్ ఇంట్లో. జెట్టీ దిగి చర్చి దాటితే నీలం గేటు."

ఇక్కడ పద్మిని ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేకపోయింది. నిన్నటి నుంచి మింగిన అవమానం, తల్లి అడిగిన ఫోటో, ఆక్రమించిన కుర్చీ, పొల్లు కోసం నవ్విన నవ్వు, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. గణేశ్వరరావు వైపు తిరిగి, క్లాసులో పాఠం ఒప్పగించినట్టు గట్టిగా అంది:

"రాసుకోండి సార్, ఆదివారం టీవీలో చెప్పుకోవచ్చు! ప్రియుడూ లేడు, కలా లేదు! లహరి బ్యాంబూఫ్లాట్‌లో ఉంది! జెట్టీ దిగి చర్చి దాటాక క్యారొలిన్ ఇల్లు, నీలం గేటు! ఒకటో తరగతి పిల్లలు కూడా కనుక్కుంటారు!"

జ్ఞానవతి పరుగున వచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ధీరే బేటీ, ధీరే! మెల్లగా!" అంటూ పైకి చూపించింది.

పద్మిని తలెత్తింది. ఇలాంటి ఇళ్ళల్లోనే పుట్టి పెరిగింది. కొత్తగా చూసేదేముంది? వంటింటికీ పక్కగదికీ మధ్య చెక్క గోడ తలకి రెండు జానల పైన ఆగిపోయింది. అక్కడి నుంచి కప్పు దాకా గాలి ఆడటానికి చెక్క జాలీ, అంతే. జాలీలోంచి అవతలి గది ఫ్యాన్ తిరగడం కనబడుతోంది. దాని చప్పుడు కూడా వినబడుతోంది.

ఆమె పక్కగది తలుపు తోసింది. మంచం ఖాళీ. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. గట్టుమీద సురమై చేప అలాగే పడి ఉంది, ఈగలు ముసురుతున్నాయి. పక్కన కత్తి లేదు.

తొమ్మిదీ ఇరవై రెండు. జెట్టీ వైపు నుంచి ఫెర్రీ హారన్ ఒక్కసారి పొడుగ్గా మోగి ఆగిపోయింది.

"తొమ్మిదింబావు ఫెర్రీ. లేటుగా కదిలింది," అంది జ్ఞానవతి. "పదిహేను నిమిషాల్లో అటు చేరిపోతుంది."

"మీ చెల్లెలికి ఫోన్ చెయ్యండి!"

"క్యారొలిన్ టీచరు కదమ్మా, స్కూలుకెళ్ళిపోయి ఉంటుంది. లహరి ఫోన్ ఇక్కడే ఉంది. వాడు అందులో చూసి జాడ పట్టేస్తాడని నా పిండి డబ్బాలో దాచాను. ఆ పిల్ల ఒక్కతే ఉంది."

పద్మిని అవతలి ఔట్‌పోస్టుకి ఫోన్ కలిపింది. మోగుతోంది, మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. గణేశ్వరరావు ఆమె చంకలోంచి జారి కిందపడిన బొమ్మల పుస్తకం తీశాడు. చివరి పేజీ తెరుచుకుంది. ఈసారి ఆయన గొంతు సవరించుకోలేదు.

"పద్మినీ, ఈ బొమ్మ కింద రాసింది చదివావా?" అన్నాడు మెల్లగా.

ఆమె లేదన్నట్టు తల ఊపింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఆయన చదివాడు.

"ఈ ఇంట్లో గోడలు కప్పు దాకా లేవు. నిన్న నేను ఏడ్చింది జ్ఞానవతి ఆంటీ విన్నారు. ఈ ఇంట్లో ఏ మాటన్నా ఆయనకి వినబడుతుంది. నోరు జాగ్రత్త."